ఇల్లొక శాఖ, చెల్కొక శాఖ: దళిత సన్నకారు రైతు ఇల్లు బాగుపడే తీరు

దళితుల భూమి గురించి రాసినంతగా దళితుల ఇంటి గురించి మనం రాయలేదు. భూమి అనగానే ఎకరాలు, జీవోలు, కేసులు, పోరాటాలు గుర్తుకొస్తాయి. ఇల్లు అనగానే సర్వే ఫారంలో ఒక గడి గుర్తుకొస్తుంది: కచ్చా, సెమీ పక్కా, పక్కా. ఆ గడిలో టిక్కు పెట్టి పరిశోధకుడు పక్కింటికి పోతాడు. కాని ఆ ఇంటి గోడ ఏ ఏడు లేచింది, కప్పు ఏ ఏడు మారింది, మధ్యలో ఎన్నేండ్లు పని ఎందుకు ఆగింది అని అడిగితే ఆ కుటుంబం భూమి చరిత్ర అంతా బయటికొస్తుంది. అందుకే ఈ వ్యాసంలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల దళిత సన్నకారు రైతు ఇంటిని గడప దగ్గర నిలబడి కాక, లోపలికి పోయి చూద్దామనుకున్నాం.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అనే సామెత ఉంది. అది ఒకేసారి ఇల్లు కట్టి ముగించగలిగినవాళ్ళ సామెత. మన వాడల్లో ఇల్లు కట్టుడు ఒక ఏడు మొదలై అదే ఏడు అయిపోయే పని కాదు. ఒక ఎండకాలం పునాది. పత్తి బాగా వచ్చిన ఏడు గోడలు. బిడ్డ పెండ్లి అప్పు తీరినంక రేకులు. కొడుకు హైదరాబాదుకు పోయి పంపిన పైసలతో గచ్చు. సున్నం మాత్రం మళ్ళీ పెండ్లికో, దావత్‌కో. ఇరవై ఏండ్లు పట్టిన ఇంటిని ఒక గడిలో టిక్కు పెట్టి ఎట్లా చెప్తాం?

మా మాట సూటిగా ముందే చెప్తున్నాం. ఎకరంన్నర, రెండెకరాల రైతుకు ఇల్లూ చెల్కా రెండు కావు. విత్తనం దాచేది ఇంట్లో, పత్తి కుప్ప పోసేది ఇంట్లో, మిర్చి ఆరబోసేది వాకిట్లో, మేకలు పండేది ఇంటి పక్క కొట్టంలో. ఆ కొట్టం పెంట మళ్ళా చెల్కకే పోతుంది. ప్రభుత్వం మాత్రం వీటిని రెండుగా చీల్చింది. ఇల్లు గృహనిర్మాణ శాఖది, భూమి రెవెన్యూ శాఖది. ఒకరు ఇల్లు ఇచ్చినప్పుడు భూమి సంగతి అడగరు, ఇంకొకరు భూమి ఇచ్చినప్పుడు ఇల్లు ఎక్కడుందో చూడరు. ఈ చీలికను అంబేడ్కర్ ముందే పసిగట్టాడనిపిస్తుంది. 1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన అడిగింది వట్టి ఇళ్ళ జాగలు కాదు. సాగులో లేని ప్రభుత్వ భూమిని ఒక సెటిల్మెంట్ కమిషన్ చేతిలో పెట్టి, దళితులకు వేరే ఊళ్ళు కట్టాలన్నాడు. అంటే నివాసం, సాగు రెండూ ఒక్కచోట, ఒక్క హక్కు కింద. ఆ కమిషన్ రాలేదు. ముక్కలు ముక్కలుగా వచ్చిన పథకాలను అతుకేసి బతికే పని దళిత కుటుంబం మీద పడింది.

ఈ మూడు ప్రాంతాలూ 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. అంతకు ముందు చాలావరకు పాత వరంగల్ జిల్లాయే. నేల మాత్రం ఒక్కతీరు కాదు. జనగామ చెల్క నేల, బోర్ల మీద బతుకు, ఎటు చూసినా తాటిచెట్లు. మహబూబాబాద్ మిర్చి నేల, తండాలు ఎక్కువ, కొత్తగూడ, గంగారం వైపు పోతే అడవి. భూపాలపల్లి ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి, నడుమ సింగరేణి బొగ్గు, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం. మూడుచోట్లా మాదిగవాడకో, మాలవాడకో పోతే కలిసే సంగతి ఒకటుంది: ఉన్న భూమి తక్కువ, ఆ తక్కువ భూమికి కాగితం ఇంకా తక్కువ.

గుడిసె కింది నేల

నిజాం కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం నడిచింది ఈ గడ్డ మీదే. కామారెడ్డిగూడెంలో 1940లో షేక్ బందగీని చంపింది భూమి తగాదాలోనే. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య కడవెండిలో నేలకొరిగాడు. పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను దొర ఇంటికి పోనీయకుండా నిలబడ్డది. ఈ చరిత్ర అందరూ చెప్తారు. ఐలమ్మ కాపాడుకున్న పంట ఏ ఇంట్లోకి చేరిందన్న మాట మాత్రం తక్కువగా చెప్తారు. పంటను దాచుకునేటందుకు తనదైన గూడు లేకపోతే పండించిన గింజ మీద హక్కు కళ్ళం దాకే. ఇల్లు, ధాన్యం ఒక్కటే కొట్లాట అని ఆ తరం ఆడవాళ్ళకు పుస్తకం చదవకుండానే తెలుసు.

దొర కాలంలో దళితుని గుడిసె కింది నేల అతనిది కాదు. ఊరి చివర, చాలాచోట్ల చెరువు కట్ట కిందనో వాగు పక్కనో, ఇంకెవరికీ పనికిరాని జాగలో ఉండనిచ్చారు. ఉండనిచ్చినవాడు పొమ్మంటే పోవాలె. అటువంటి నేల మీద ఎవరైనా రాతి పునాది వేస్తారా? మట్టి గోడ, తాటికమ్మ కప్పు దళితుల 'సంస్కృతి' అని కొందరు మురిసిపోతుంటారు. పొమ్మంటే ఎత్తుకుపోలేని దాని మీద పైసా పెట్టకపోవడం సంస్కృతి కాదు, లెక్క.

ఇంకో లెక్క కాలానిది. గుడిసె కప్పు మార్చాల్సింది వానలకు ముందు. దొర దున్నకాలు, ఎరువు తోలుడు, చెరువు కట్ట పని కూడా అప్పుడే. వెట్టివాని ఇల్లు అన్నిటికన్నా వెనుక. గడీ ముందు చెప్పులు విడిచి నడిచిన ఊళ్ళో, తలవంచకుండా లోపలికి పోయేటంత ఎత్తు దర్వాజ పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. ఇయ్యాల మన వాడల్లో ఇల్లు చిన్నదైనా దర్వాజకు చెక్కడం పనితో మంచి చౌకట్లు పెట్టించుకుంటారు. అప్పు చేసి ఆర్భాటమెందుకని మన చదువుకున్న పిల్లలే కొందరు నవ్వుతారు. ఆ దర్వాజ ఎవరికి జవాబో తెలిస్తే నవ్వరు.

ఇండ్ల జాగల పట్టాలు పెద్దఎత్తున వచ్చింది 1975 ఇరవై సూత్రాల కార్యక్రమం తర్వాత. అవి వచ్చినంకనే మన వాడల్లో రాతి పునాదులు లేచాయి. కాని ఆ జాగ కొలత ఒక్క తరానికే. నలుగురు కొడుకులైతే నాలుగు పొయ్యిలు. గుడిసె వెనుక ఉన్న దొడ్డి మొదట పోయింది, ఆ తర్వాత వాకిలి పోయింది. దొడ్డి పోతే ఏం పోయిందో లెక్కపెట్టిన అధికారి లేడు: రెండు మునగచెట్లు, ఒక బొప్పాయి, బీరపాదు, నాలుగు నాటుకోళ్ళు, ఒక బర్రెకు జాగ, పెంటకుప్ప. అంటే కూర, గుడ్డు, పాలు, ఎరువు.

ఏది ముందు, ఏది వెనుక

ఇల్లు బాగుపడే వరుసకు ఒక తర్కం ఉంది. బయటివాళ్ళకు అది తలకిందులుగా కనిపిస్తుంది. మరుగుదొడ్డి లేదుగాని టీవీ ఉంది, గోడకు ప్లాస్టరింగు లేదుగాని స్లాబు ఉంది అంటారు. అందుకే ఒక్కొక్కటే చూద్దాం.

మట్టి గోడ సంగతి ముందు. చెరువు మన్నో ఎర్రమన్నో గడ్డి ముక్కలతో కలిపి తొక్కి, వరుస మీద వరుస పెట్టి, ఒక్కో వరుస ఆరినంక ఇంకోటి. మూరెడు మందం గోడ ఎండకాలం చల్లగా ఉంటుంది. దానికి పైసలు పెద్దగా కావు, కావాల్సింది మనుషులు, నీళ్ళు, తీరిక. కూలి బతుకులో తీరికే లేదు. అడుగున తడి పడితే గోడ కూలుతుంది. ప్రతి ఏడూ ఆడవాళ్ళు ఎర్రమన్నుతో అలికి, జాజు పూస్తేనే నిలుస్తుంది. మట్టి ఇల్లు 'ఖర్చు లేని ఇల్లు' అని చెప్పే మేధావులు ఆ అలుకుడు ఎవరు చేస్తారన్నది లెక్కలో వేయరు.

కప్పు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తాటికమ్మ రెండు మూడేండ్లకు మార్చాలె. దాని తర్వాత గూన ఇల్లు వచ్చింది. కుమ్మరి చేసిన గూన చల్లగా ఉంటుంది, మంచిదే. కాని ఏటా వానలకు ముందు ఎక్కి సర్దాలె. ఆ పని తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. దాన్ని అసలు దెబ్బతీసింది కోతులు. అడవి, గుట్టలు తగ్గి కోతులు ఊళ్ళ మీద పడ్డంక గూన కప్పు నిలవడం లేదు. కోతి వల్ల కప్పు మారుతుందని ఏ గృహనిర్మాణ విధానంలోనూ రాసి ఉండదు. ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.

అట్లా సిమెంటు రేకులు వచ్చాయి. తక్కువలో అయిపోతుంది, రెండు రోజుల్లో కప్పు పడుతుంది, కోతి దూకినా సాధారణంగా ఆగుతుంది. కాని ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆ ఇంట్లో పసిపిల్లను పడుకోబెట్టలేరు. అందుకే ముందర తాటికమ్మల పందిరి వేసుకుంటారు, కొందరు రేకు మీద గడ్డి పరుస్తారు, సొరపాదు ఎక్కిస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక: ఈ సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదమని, క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో తేల్చింది. కప్పు మీద కదలకుండా ఉన్నప్పటికన్నా కోసినప్పుడు, రంధ్రం పెట్టినప్పుడు, పగిలినప్పుడు ప్రమాదం ఎక్కువ. కోయాల్సి వస్తే తడిపి, బయట, పిల్లలకు దూరంగా కోయాలె. పగిలిన ముక్కలను పొడి చేసి వాకిట్లో పోయొద్దు.

ఇక స్లాబు. ప్లాస్టరింగు లేకున్నా స్లాబు ముందెందుకు? స్లాబు కప్పు మాత్రమే కాదు, కళ్ళం కూడా. వాకిలి పోయినవానికి మిర్చి, కంది, వడ్లు ఆరబోసుకునే జాగ అదొక్కటే. మహబూబాబాద్ వైపు మిర్చి కాలంలో ఊరిని పైనుంచి చూస్తే ఎవరికి స్లాబుందో ఎర్రగా కనిపిస్తుంది. స్లాబు లేనివాడు రోడ్డు మీద పోస్తాడు, లేదా పచ్చి మీదనే దళారికి అడిగిన ధరకు ఇస్తాడు. ధర పడ్డ ఏడు వారం రోజులు ఆగగలిగినవాడే బతుకుతాడు. ఆగేటందుకు జాగ కావాలె.

ఇంకో కారణం వాగు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు జనం ఇండ్ల కప్పులెక్కి సాయం కోసం చూశారు. సైన్యం హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు పొంగినప్పుడు మహబూబాబాద్ జిల్లా సీతారాంతండా నీట మునిగింది. మనుషుల బరువు మోసే కప్పు ఉన్న ఇల్లు ఆ రోజు ఇల్లు కాదు, పడవ. రేకుల మీద కుటుంబమంతా ఎక్కి నిలబడలేదు.

స్లాబు పోసినంక వారం పది రోజులైనా తడి ఆరకుండా నీళ్ళు పట్టాలె. జనగామలో ఎండకాలం అది ఎవరు పడతారు? సుతారి కూలి, సెంట్రింగు కిరాయి, సలాకలు, సిమెంటు బస్తాలు అన్నీ లెక్కలో ఉంటాయి. బిందెలతో పైకెక్కి నీళ్ళు పోసే తల్లీబిడ్డల కూలి లెక్కలో ఉండదు. స్లాబు మూలలకు సలాకలు బయటికి పెట్టి వదిలేస్తారు, రేపు ఇంకో అర్ర వేసుకోవచ్చని. అవి తుప్పు పడతాయని ఇంజనీరు అంటాడు, నిజమే. సిమెంటు పాలు పూసి ప్లాస్టిక్ కవరు చుట్టి పెడితే కొంత ఆగుతుంది. వాటిని కోసెయ్యమని మాత్రం ఎవరూ చెప్పలేరు.

ఇక ఇంటి లోపలికి వద్దాం. 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం ఇంటికి నమూనా 560 చదరపు అడుగులు: రెండు పడకగదులు, ఒక హాలు, ఒక వంటగది, రెండు మరుగుదొడ్లు. అప్పటిదాకా దళితులకిచ్చిన ఒక్క అర్ర ఇండ్లతో పోలిస్తే అది మర్యాదైన ఊహ, కాదనలేం. కాని అది ఉద్యోగి ఇల్లు. దాంట్లో పత్తి ఎక్కడ పోయాలె? నవంబర్ నుంచి సంక్రాంతి దాకా సన్నకారు రైతు ఇంట్లో మనిషి కంటే పత్తిదే ఎక్కువ జాగ. ఒక పడకగదిలో పత్తి నింపి, ఇంకోదాంట్లో ఎరువు బస్తాలు, స్ప్రేయరు, వల, పార పెట్టి, కుటుంబం అంతా హాల్లో పడుకుంటుంది. గొర్రు, నాగలి బయట వానలో నానుతాయి. మేకలు రాత్రి ఎక్కడుండాలె? బయట కట్టేస్తే తెల్లారేసరికి ఉంటయో లేదో.

ఇందులో అన్నిటికన్నా భయపెట్టే ప్రశ్న పురుగుమందు డబ్బాది. 1997-98లో పాత వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చూసింది. ఎక్కువమంది చేతికి అందింది ఇంట్లో ఉన్న ఆ డబ్బాయే. అప్పు గురించి, నకిలీ విత్తనం గురించి, నకిలీ మందు గురించి ఎన్నో నివేదికలొచ్చాయి. వాటిలో ఉన్నదంతా అవసరమే. కాని ఆ డబ్బా ఎక్కడుండాలె అని ఒక్క ఇంటి నమూనాలోనూ గీత గీయలేదు. బియ్యం డబ్బా పక్కన, మంచం కింద, పిల్లల పుస్తకాల సందుక మీద ఉంటుంది. కొట్టం గోడకు తలెత్తుకంటే పైన తాళం పడే చిన్న పెట్టె కట్టిస్తే పెద్ద ఖర్చు కాదు. కోపం, దిగులు ముంచుకొచ్చిన ఆ కాసేపు ఆ తాళం ఒక ప్రాణం నిలపొచ్చు.

మరుగుదొడ్డి మీద కూడా ఒక మాట. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలై ఇంటికి 12,000 రూపాయలు ఇచ్చారు. వాటిలో కొన్నింట్లో పత్తికట్టె, ఎరువు బస్తాలు పెట్టుకున్నారని పత్రికలు ఫోటోలేసి వెక్కిరించాయి. ఇంట్లో గోదాము లేనివాడు తాళం పడే నాలుగు గోడలు దొరికితే ఏం చేస్తాడు? నీళ్ళు లేని దొడ్డికి బిందెడు నీళ్ళు మోయాల్సింది మళ్ళా ఆడదే. 2016లో మిషన్ భగీరథ మొదలై నల్లాలు వాడలకొచ్చినంక వాడకం పెరగడానికి అవకాశం వచ్చింది. ఆడవాళ్ళను అడిగితే మరుగుదొడ్డి కన్నా ముందు తానం చేసే అర్ర కావాలంటారు. చీరె కట్టిన తడక వెనుక వంగి తానం చేసిన తరం అది. వాళ్ళను అడిగి పథకం రాసినవాళ్ళు లేరు.

గ్యాసు వచ్చినా కట్టెలపొయ్యి పోలేదు. పత్తికట్టె పీకేది ఆడవాళ్ళే, మోసేదీ వాళ్ళే, దాంతో నీళ్ళు కాగబెట్టేదీ వాళ్ళే. సిలిండరు చాయకు, పొద్దుటి కూరకు. అందుకే వంటగది ఒకటి లోపల, పొయ్యి ఒకటి బయట. బయటి పొయ్యి మీద రెండు రేకులు వేసుకోగలిగితే వానకాలం ఇంట్లో పొగ నిండదు.

కాగితం

ఇంతదాకా చెప్పిన ఏ పనికైనా పెట్టుబడి నాలుగు దారుల్లోనే వస్తుంది: పంట, కూలి, మహిళా సంఘం అప్పు, వడ్డీకిచ్చేవాడు. 2018 మే నుంచి ఐదో దారి వచ్చింది, రైతుబంధు. మొదట ఎకరానికి పంటకు 4,000, ఆ తర్వాత 5,000. 2025 జనవరి నుంచి రైతుభరోసా పేరుతో ఏడాదికి 12,000. ఆ సొమ్ము విత్తనానికే పోయిందంటారుగాని చాలా ఇండ్లలో తలుపులు, కిటికీలు దానితోనే వచ్చాయంటే మేం ఆశ్చర్యపోం. అయితే అది పాసుబుక్కు ఉన్నవానికే. కౌలుకు చేసే దళితునికి లేదు. నాలుగెకరాలు కౌలుకు దున్నేవాని ఇంటికి తలుపు రాదు, ఆ నాలుగెకరాల పట్టాదారు ఇంటికి వస్తుంది.

మన వాడల్లో ఉన్న భూమి ఎక్కువగా లావణి పట్టాది, అంటే ప్రభుత్వం అసైన్ చేసింది. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మరాదు, కొనరాదు. చట్టం మంచి ఉద్దేశంతోనే వచ్చింది, లేకుంటే ఆ భూమి ఎప్పుడో పోయేది. అయినా ఆపదలో తెల్లకాగితం మీద రాసిచ్చి పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. కాగితం మీద పేరు దళితునిది, దున్నేది ఇంకొకరు. తిరగేసి చూస్తే దున్నేది దళితుడు, పేరు ఎప్పుడో చచ్చిపోయిన దొరది. 2017లో భూరికార్డుల ప్రక్షాళన అన్నప్పుడు తగాదా ఉన్నవన్నీ పార్ట్-బిలో పడేశారు. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. అందులో సాగుదారు కాలమే లేకుండా పోయింది. దశాబ్దాలు దున్నినోని పేరు కంప్యూటర్లో ఎక్కడా కనిపించదు. 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, ధరణి స్థానంలో భూభారతి తెచ్చారు. తేదీ మంచిదే ఎంచుకున్నారు. ఆ చట్టంలో ఊరి ఆబాదికి, అంటే ఇండ్లున్న జాగకు కూడా హక్కుల రికార్డు ప్రస్తావన ఉంది. మన దృష్టిలో దాంట్లో ముఖ్యమైన మాట అదే, దాన్ని అమలు చేయించుకోవడం మీద మన సంఘాలు కూర్చోవాలె.

కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ ఊళ్ళలో దళితుల పరిస్థితి వేరు, చెప్పడానికి ఇబ్బందైన సంగతి కూడా. 1959 నిబంధన, దాన్ని గట్టిచేసిన 1970 నిబంధన (ఊళ్ళో 1/70 అంటారు) ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. దళితుడూ గిరిజనేతరుడే. 2006 అటవీ హక్కుల చట్టం కింద అడుగుదామంటే, షెడ్యూల్డ్ తెగలకు చెందనివాళ్ళు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, అక్కడ బతికినట్టు చూపాలె. వెట్టికి వచ్చి చేరిన కుటుంబానికి 75 ఏండ్ల కాగితం ఎవడిస్తాడు? ఆదివాసి రక్షణ చట్టాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ చట్టం లేకుంటే ఆదివాసికి ఏం మిగిలేదో మనకు తెలుసు. భూస్వామి బినామీ పేర్లతో దాన్ని దాటేశాడు, దళిత కూలి మాత్రం దాని ముందు ఆగిపోయాడన్నదే బాధ. రేపు ఉంటుందో ఉండదో తెలియని జాగలో స్లాబు ఎవరు పోస్తారు?

భూపాలపల్లిలో ఇదే ప్రశ్న బొగ్గు రూపంలో వస్తుంది. గని విస్తరిస్తుందన్న మాట పుట్టగానే వాడలో ఇంటి పనులు ఆగుతాయి. ఊరే పోయేటప్పుడు గచ్చెందుకు? కాని నష్టపరిహారం లెక్కగట్టే రోజు నిలబడి ఉన్న కట్టడానికే ధర కడతారు. మట్టి గోడలకు ఎంత వస్తుంది? బాగుచేసుకుంటే పోతుందన్న భయం, చేసుకోకుంటే ధర రాదన్న భయం. అసైన్డ్ భూమికైతే ఇంకో కథ ఉండేది: ప్రభుత్వం తిరిగి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం రాదు, ఎక్స్‌గ్రేషియా పేరుతో ఎంతో కొంత. 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు సంగతి భూమి పోతున్న ప్రతి వాడలో తెలిసి ఉండాలె.

2014 ఆగస్టు 15న మొదలైన మూడెకరాల పథకం ఈ కాగితం కరువుకు సరైన మందే. భూమి కొని, దళిత స్త్రీ పేరు మీద రిజిస్టరు చేసి, మొదటి ఏడు సాగు ఖర్చు కూడా ఇచ్చారు. అందింది కొద్దిమందికే, ఆ తర్వాత ఆగిపోయింది. దాంట్లో కూడా చీలిక తప్పలేదు. అమ్మేవాడు ముందుగా అమ్మజూపేది ఊరికి దూరంగా, నీళ్ళు లేని చెల్కనే. ఇల్లు వాడలో, భూమి రెండు కిలోమీటర్ల అవతల. పంటను కాపాడాలంటే చెల్కలో గుడిసె, పిల్లల బడి కోసం వాడలో ఇల్లు. రెండు పొయ్యిలు, ఒక్క ఆడమనిషి.

బేస్మెంటు దాకా

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇండ్ల పథకం ఈ మూడు జిల్లాల్లోనూ నడుస్తోంది. 5 లక్షల రూపాయలు, ఇల్లు ఆడమనిషి పేరు మీద, 400 నుంచి 600 చదరపు అడుగుల లోపల. మొదటి విడతలో సొంత జాగ ఉన్నవాళ్ళకే. ఈ ఒక్క షరతుతో నలుగురు అన్నదమ్ములున్న వాడ ఇంటికి ఒక్కరే అర్హులవుతారు, మిగతా ముగ్గురు వెనుకపడతారు. మొదటి లక్ష వచ్చేది బేస్మెంటు పూర్తయినంకనే. బేస్మెంటు దాకా పైసలు ఎవరిస్తారు? అక్కడే వడ్డీకిచ్చేవాడు మళ్ళా ఇంట్లోకి వస్తాడు. ఇంకో ప్రమాదం: కొత్త ఇల్లు లేవాలంటే ఉన్న ఇల్లు కూల్చాలె. కూల్చినంక బిల్లు ఆలస్యమైతే ప్లాస్టిక్ కవరు కింద వానకాలం గడపాలె. అందుకే పత్తి అమ్మిన తర్వాత, వానలకు నాలుగు నెలలు ముందు, అంటే సంక్రాంతి దాటంగనే పని మొదలుపెట్టినవాళ్ళకు కొంత నయం. జూన్‌లో మంజూరు కాగితం చేతికిచ్చి ముగ్గు పోయమని తొందరపెట్టే అధికారికి ఎదురు చెప్పే ధైర్యం మాత్రం సంఘంగా పోతేనే వస్తుంది. కూల్చే ముందు కొట్టం వైపు గోడ ఒకటి ఉంచుకుని, దానికానుకుని పాత రేకులు దించితే ఆ కాలం అందులో ఎల్లదీయొచ్చు.

ఈ పథకంలో ఒక వెసులుబాటుంది. కొలత దాటనంతవరకు లోపల ఎట్లా కట్టుకోవాలన్నది కట్టుకునేవాళ్ళకే వదిలేశారు. మేస్త్రీ అలవాటుగా పట్నం ప్లానే గీస్తాడు, అందుకే ముగ్గు పోసే రోజే ఇంటి ఆడవాళ్ళు అక్కడ నిలబడాలె. రెండు పడకగదుల బదులు ఒకటి పడకకు, ఒకటి పంటకు. పంట అర్రకు తలుపు బయటి నుంచి పెట్టుకుంటే పత్తి దుమ్ము, మిర్చి ఘాటు పిల్లల మీద పడవు. దర్వాజ పైన సజ్జ ఒకటి పోయించుకుంటే విత్తనం సంచులు తడికి, ఎలుకకు దూరం. మెట్లు బయటి నుంచే ఉండాలె, స్లాబు మీదికి మిర్చి మోసేటందుకు, వాగు వచ్చిన రాత్రి ఎక్కేటందుకు. మెట్ల కింద జాగ మేకలకు. బేస్మెంటు ఎత్తు మాత్రం కొలతల పుస్తకం చూసి కాదు, వాగు కింద ఉన్న వాడల్లో పోయిన వరదకు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పాత గోడ మీద మరక ఇంకా ఉంటుంది, దానికి జానెడు పైన పెట్టుకోవాలె. ఆ గోడను కూల్చకముందే కొలుచుకోవాలె.